సర్దార్ ఇంట గుంకని పొద్దు

బెల్లంపల్లిలో కోడి కన్నా ముందు బాయి కూస్తుంది. ఆ సైరన్ కూత వినబడగానే బొగ్గుబాయి కూలీలుండే ఇళ్ళ లైన్లలో ఇంటింటా పొయ్యి రాజుకుంటుంది. మొగవాళ్ళు వేపపుల్ల నోట్లో పెట్టుకుని తువాలలు దులుపుకుంటారు, ఆడవాళ్ళు సద్దిగిన్నెలు కడతారు. శంకరవ్వ కూడా ఆ కూతకే లేచేది. కానీ ఆమెకి సద్ది కట్టే పని లేదు. మొగుడు రాయమల్లు పోయిన ఆషాఢం నుంచి కనబడటం లేదు. కాసేపు గడపలో ఊరికే కూర్చుని, వాకిలి ఊడ్చి, బాయిదొర బంగళాకి పనికి పోయేది. గని మేనేజరుని అక్కడ బాయిదొర అంటారు. ఆ బంగళా ముందర ఆకులు ఊడవటం, పూలమొక్కలకి నీళ్ళు పోయటం ఆమె పని.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళాక, గోడవార ఎండి నిలబడ్డ పొద్దుతిరుగుడు మొక్కల్ని దొరసాని పెరికించి చెత్తలో వేయించింది. శంకరవ్వ వాటిని మోసుకుపోతూ ఒక తలకాయని అరచేత్తో రుద్దింది. నల్లచారల గింజలు జలజలా రాలాయి. గుప్పెడు ఏరి కొంగున ముడేసుకుంది. పూల మీద మోజుతో కాదు. నెలల తరబడి ఆమె కడుపులో ఒకటి మండుతోంది, దాన్ని ఎక్కడో ఒకచోట పాతిపెట్టకపోతే తనే కాలిపోయేట్టుంది.

అదేమిటో ముందు చెప్పుకోవాలి.

బాయిలోకి దిగే ప్రతి మనిషీ లాంపుల గది దగ్గర ఒక దీపం తీసుకుంటాడు. పైకి రాగానే దాన్ని తిరిగి అక్కడే ఇస్తాడు. ఒక్కో దీపానికి ఒక్కో నంబరు, ఒక్కో కొక్కెం. షిఫ్టు దిగాక గదిలో కొక్కేలన్నీ నిండితే మనుషులంతా పైకి వచ్చినట్టు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా ఎవరో లోపల ఉండిపోయినట్టు. మనుషుల్ని ఎవరూ లెక్కపెట్టరు, దీపాల్ని చూసుకుంటారు. రాయమల్లుకి నంబరు చదవటం రాదు. అందుకని శంకరవ్వ తన పెళ్ళిచీర ఎర్రంచు నుంచి ఒక పేలిక చింపి అతని దీపం పిడికి ముడేసింది.

"నంబరుతోని నాకేం పని? నా పెండ్లాం కొంగు కనవడ్తె సాలు," అనేవాడు రాయమల్లు, లాంపుల గది ముందు నలుగురూ వినేట్టు. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు. సిగ్గులేని మనిషి.

ఆషాఢంలో ఒకరోజు బాయిలో ఒక పాత దారి కప్పు కూలింది. ఆ దారిలో పని చేయిస్తున్న సర్దార్ లక్ష్మీరాజం తన మనుషుల్ని పైకి పరుగెత్తించి, చివరికి తనూ వచ్చాడు. కొక్కేలు చూశారు. అన్నీ నిండి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు కదా అని, బొగ్గు అంటుకోకుండా ఆ దారికి అడ్డంగా ఇటుకగోడ కట్టేశారు. రాయమల్లు మాత్రం ఇంటికి రాలేదు.

"నీ మొగడు పైకచ్చిండు. లాంపు ఇచ్చి టేసన్ దిక్కు వోయిండు. బల్లార్షా బండెక్కుతుంటె నా కండ్లతోని చూసిన," అన్నాడు లక్ష్మీరాజం, అడగటానికి వచ్చిన శంకరవ్వతో. గడప కూడా దిగకుండా అన్నాడు.

బల్లార్షాలో రాయమల్లుకి ఎవతో ఉందని ఇంకో మాట పుట్టింది. అది ఎవరు పుట్టించారో అడగక్కర్లేదు. శంకరవ్వ బాయిదొర కాళ్ళ మీద పడితే, దీపం కొక్కేనికి ఉండగా మనిషి లోపల ఎట్లా ఉంటాడని ఆయన ఆశ్చర్యపోయాడు. బతుకమ్మ నాడు ఆమె ముత్తైదువల వరసలో నిలబడాలో, పక్కన కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. గాజులు పగలగొట్టుకోవటానికి లేదు, గాజులు గలగలమనిపించుకుంటూ తిరగటానికి మొహం లేదు. ఏడిస్తే, బతికున్నవాడికి కీడు కోరుతోందన్నారు. ఏడవకపోతే, గుండె బండ అన్నారు.

గింజలు దొరకటానికి కొద్దిరోజుల ముందు, లాంపుల గదిలో పనిచేసే ముసలి అంతయ్య నల్లా దగ్గర ఆమె పక్కన బిందె పెట్టి, ఎటో చూస్తూ మాట్లాడాడు.

"బిడ్డా, గా దినం రాయమల్లు లాంపు రాయమల్లు ఇయ్యలే. సర్దార్ రెండు లాంపులు వట్టుకచ్చిండు. ఒకటి ఆనిది, ఆరిపోయింది. ఒకటి నీ మొగనిది, ఎలుగుతుంది. రాయమల్లు ఏడి అంటె ఎనుక వస్తుండు అన్నడు. పిడికున్న నీ కొంగు పేలిక గూడ సగమే ఉన్నది."

"గిన్ని నెలలు నోట్ల ఏం వెట్టుకున్నవు మామా?" అంది శంకరవ్వ.

"కొలువు వోతదని భయం. నోరు మూసుకున్న. గా లాంపు మాత్రం ఇంక ఎవనికి ఇయ్యలే. చేతులు రాలే."

"దొరకు చెప్పు మరి."

"చెప్తె సర్దార్ కాదంటడు. ఆని మాట ముందట నా మాటెంత?"

ఆ మాట నిజం. గోడ వెనక ఏం జరిగిందో చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ ఆమె ఇంటికి ఎదురుగా, సందుకి పడమటి వైపు, పెద్ద పెంకుటింట్లో వేళకి తిని వేళకి పడుకుంటున్నాడు. అతని గురక సందు దాటి ఆమె మంచం దాకా వచ్చేది. ఆ గురక వింటూ పడుకున్నన్ని రాత్రులూ శంకరవ్వ పళ్ళు నూరుకుంది.

అందుకని గింజలు నాటింది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. తెల్లటి మొలక ముక్కు బయటపెట్టగానే, వాకిట్లో గోడవార మట్టిని గడ్డపారతో గుల్ల చేసింది. లైన్లలో మట్టి అంటే సగం బొగ్గుపొడే. అందులో మేకపెంట, పొయ్యిబూడిద కలిపి, వేలి కణుపంత లోతున ఒక్కో గింజనీ అదిమింది. అదిమినప్పుడల్లా ఒకే మాట అంది.

"వాని కండ్లు మూతవడొద్దు."

పక్కింటి యాదవ్వ గోడ మీది నుంచి తొంగి చూసింది. "గిదేం చెట్టే? కూరకా, నూనెకా?"

"చూసెటందుకు."

"నీకు పనిలేదు, ఆ దొరసానికి పనిలేదు," అని యాదవ్వ తన కోళ్ళని వదిలింది. అవి వచ్చి సగం మొలకల్ని పొడుచుకు తిన్నాయి. కొన్నిటిని చీమలు మోసుకుపోయాయి. కాముని పున్నం నాటికి ఓ పిడికెడు మొక్కలు రెండేసి ఆకులతో నిలబడ్డాయి. శంకరవ్వ వాటి చుట్టూ తుమ్మకంప పాతింది. మొహం కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, ఒంటికి పోసుకున్న నీళ్ళు కూడా కాలువ చేసి వాటికే మళ్ళించింది. నల్లా నీళ్ళకి కొట్లాటలు జరిగే ఎండాకాలంలో ఆమె మొక్కలు నడుం ఎత్తు పెరిగాయి. చైత్రం నడిమికి తల దాటాయి. ఆకులు విస్తర్లంత అయ్యాయి.

చైత్రం చివర ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. బొగ్గుకుప్పల మీది నుంచి నల్లగా వచ్చి పెంకులు ఎగరగొట్టి పోయింది. చూస్తే మొక్కలన్నీ నడుం విరిగి పడున్నాయి. గోడ మూలన ఉన్న ఒక్కటి మాత్రం నిలబడింది. శంకరవ్వ దానికి వెదురు కర్ర పాతి కట్టింది. కొన్నాళ్ళకి అది అన్నంతినే కంచమంత పువ్వు పూసింది. పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమటికి, మెడ తిప్పుకుంటూ పొద్దుని వెంబడించేది.

సాయంత్రాలు ఆ పువ్వు సరిగ్గా లక్ష్మీరాజం ఇంటికేసి చూసేది. శంకరవ్వ కూడా అటే చూసేది. ఒకరోజు ఇద్దరూ అలా చూస్తుండగా లోపలి నుంచి అతని నవ్వు వినిపించింది. ఎందుకు నవ్వాడో ఏమో. ఆమెకి ఒళ్ళంతా భగ్గుమంది. పెట్టెలోంచి పెళ్ళిచీర తీసి, అదే ఎర్రంచు నుంచి ఇంకో పేలిక చింపి, పువ్వు మెడని కర్రకి బిగించి కట్టింది.

"ఎటు తిరగకు. ఆడనే చూడు," అంది పువ్వుతో.

బెల్లంపల్లి అంతటికీ పొద్దు గుంకింది. లక్ష్మీరాజం ఇంటికి మాత్రం గుంకలేదు.

అతని పెంకుల మీద, వాకిట్లో, అరుగు మీద సాయంత్రపు ఎండ ఏటవాలుగా, వేడిగా అలాగే ఉండిపోయింది. సందుకి ఇటుపక్క బుడ్డిదీపాలు వెలిగాయి. అటుపక్క కోళ్ళు గూట్లోకి పోకుండా తిరుగుతూనే ఉన్నాయి. తెల్లారి అందరికీ తూర్పున మామూలుగా పొద్దు పొడిచింది. లక్ష్మీరాజం ఇంటికి పొడవాల్సిన పని లేకపోయింది.

లైన్లలో ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. ఎవరి పనులు వాళ్ళకుంటాయి. యాదవ్వ రెండో సాయంత్రమే గంపెడు మామిడి ముక్కలు తెచ్చి అతని వాకిట్లో ఒరుగులకి ఆరబోసింది. ఆమెని చూసి ఇంకొకామె మిరపకాయలు తెచ్చింది, ఇంకొకామె వడియాలు పెట్టింది. చాకలివాళ్ళు బాయిదొర దుప్పట్లు తెచ్చి దండెం కట్టారు. రెండో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని గడ్డాలు గీయించుకున్నారు. కంపెనీ మనిషి వచ్చి చూసుకుని, ఆ ఇంటి ముందర వీధిదీపం అక్కర్లేదని పీకి వేరే సందుకి మార్చాడు.

లక్ష్మీరాజం మొదట కిటికీలకి గోనెపట్టాలు కట్టాడు. ఎండ పెంకుల సందుల్లోంచి దిగింది. మంచం కింద దూరాడు, నేల వెలుగుతోంది. తలమీద గొంగడి కప్పుకుంటే ఉడికిపోయాడు, తీస్తే కళ్ళలో పొద్దు. వారం తిరిగేసరికి కళ్ళు నిప్పుకణికెలయ్యాయి, మీసం ఒకవైపు వాలిపోయింది. సందుకి ఇటు మంచమ్మీద శంకరవ్వ మొదటిసారిగా గురక లేని చీకట్లో పడుకుంది. హాయిగా నిద్రపట్టింది. ఆ హాయికి ఆమె ఏమీ సిగ్గుపడలేదు.

ఒక మధ్యాహ్నం అతను గొడ్డలి పట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చాడు. పువ్వు దగ్గరికి పోయేలోపే యాదవ్వ గోడ దూకినంత పని చేసింది.

"ఓ సర్దార్! దాని మీద చెయ్యి వేసినవంటె చూడు. నా ఒరుగులు ఇంక ఎండలే."

"నా మిరపకాయలో?" అని ఇంకో గొంతు లేచింది. సందులో ఆడవాళ్ళంతా పోగయ్యారు.

శంకరవ్వ గడపలోంచి లేవలేదు. "జరుగుండ్రి అక్కా, కొట్టనియ్యుండ్రి," అంది. "కొట్టు సర్దార్. ఉట్టి పువ్వు నిన్నేం చేసిందో, దాన్ని ఎందుకు కొడుతున్నవో నలుగురికి చెప్పి కొట్టు."

లక్ష్మీరాజం నోరు తెరిచాడు. అందరూ అతని నోటికేసే చూస్తున్నారు. గొడ్డలి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ, "పువ్వే గద. ఎన్నొద్దులుంటది? రోహిణిల మాడి రాలుతది. అప్పటిదాక నేను ఓపుత," అన్నాడు.

ఆ మాట శంకరవ్వ గుండెలో గుచ్చుకుంది. పువ్వుకి కాలం ఉంటుందన్న సంగతి ఆమె కోపంలో మరిచిపోయింది. వాడు నిజం చెప్పకముందే పువ్వు ఎండిపోతే, ఇక జన్మంతా ఆమె బల్లార్షా పోయినవాడి పెళ్ళామే.

అతను ఓపిక పట్టటానికి లక్సెట్టిపేటలో అక్క ఇంటికి పోయాడు. శంకరవ్వ కట్టు విప్పి, పువ్వు మెడని దక్షిణానికి, కాస్త పడమటికి తిప్పి మళ్ళీ బిగించింది. అతని వంతు పొద్దు అతని వెంటే పోయింది. లక్సెట్టిపేటలో కోడిపుంజులు ఆగకుండా కూసి గొంతులు పోగొట్టుకున్నాయి, పాడిబర్రెలు పాలు చేపలేదు. "తమ్మీ, నీ ఎండ నువ్వు తీస్కపో. మా పసులు పరేషాన్ అయితున్నయి," అని అక్క అతన్ని బండెక్కించింది.

ఇక అతనికి చీకటి మిగిలింది ఒక్కచోటే. బాయి అడుగున. అక్కడికి పొద్దు రాదు. అడిగి అడిగి డబుల్ డ్యూటీలు వేయించుకున్నాడు. మనుషుల్ని పనిలో పెట్టి తను ఇటుకగోడ దగ్గర, ఎవరూ రాని మూలన, దీపం తగ్గించుకుని కూర్చునేవాడు. కళ్ళు మూతపడగానే కెవ్వుమని లేచేవాడు. పైన నిద్రపోవటానికి చీకటి లేదు, కింద చీకటి ఉన్నా నిద్ర రానివ్వదు.

అతని పెళ్ళాం బాలలక్ష్మికి చంటిపిల్ల ఉంది. ఒక సాయంత్రం ఆ పిల్లని భుజాన వేసుకుని, ఎండలోంచి సందు దాటి చీకట్లోకి వచ్చి శంకరవ్వ ముందర నిలబడింది.

"అక్కా, ఒక్క రాత్రి ఇయ్యి. పొల్ల కండ్లు మూస్తలేదు. ఏడ్సి ఏడ్సి గొంతు వోయింది."

"నా మొగనికి ఆషాఢం సంది రాత్రే," అంది శంకరవ్వ. "ఒక్క పగలు ఇచ్చిండా నీ మొగడు?"

బాలలక్ష్మి తల వంచుకుంది. పిల్ల గొంతు పోయిన కాకిపిల్లలా ఏడుస్తోంది. శంకరవ్వకి ఆ పిల్ల మీద పగ లేదు. లేనిదాన్ని తెచ్చిపెట్టుకోవటం ఆమెకి చేతకాదు. లేచి తన మంచం మీద బొంత దులిపింది.

"నీ మొగనికి ఇయ్య. నువ్వు, పొల్ల ఈడ పండుకోండ్రి. మా ఇంట్ల మస్తు చీకటి ఉన్నది."

పిల్ల మంచం మీద ఆనగానే నిద్రపోయింది. బాలలక్ష్మి దాని పక్కన కూర్చుని, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చివరికి అంది.

"అక్కా, నువ్వు నన్ను తిట్టినా మంచిదే. గాయన కునుకు వట్టినప్పుడల్ల ఒక్కటే మాట అంటడు. 'ఇడువు రాయమల్లు, లాంపు ఇడువు' అంటడు. చెయ్యి గుంజుకుంటడు. ఎన్నోసార్లు విన్న."

శంకరవ్వ లేచి వాకిట్లోకి వచ్చి పువ్వు కాండాన్ని పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ ఆమె ఊహించుకున్నదాంట్లో రాయమల్లు ముందే చచ్చిపోయి ఉండేవాడు. కప్పు మీద పడి, ఒక్క దెబ్బకి, నొప్పి తెలియకుండా. ఇప్పుడు తెలిసింది, కప్పు కూలినప్పుడు అతను బతికే ఉన్నాడు. దీపం పట్టుకుని ఉన్నాడు. ఆమె కొంగు పేలికని పట్టుకుని వదలకుండా ఉన్నాడు. అవతలివాడు గుంజుకుపోయాక ఆ కటికచీకట్లో చేతులు చాపుకుని, దారి కోసం గోడలు తడుముకున్నాడు. పైకి వచ్చినవాడు ఒక్కమాట చెప్పి ఉంటే మనుషులు వెనక్కి దిగేవాళ్ళు. చెప్పలేదు. దీపం కొక్కేనికి తగిలించాడు.

మర్నాటి నుంచి బాలలక్ష్మి రోజూ పిల్లతో వచ్చి అక్కడే పడుకునేది. ఎదుటింట్లో లక్ష్మీరాజం ఒక్కడే ఎండలో కూర్చునేవాడు. ఆడవాళ్ళు అతని చుట్టూ మిరపకాయలు తిరగేసేవాళ్ళు, అతన్ని పిట్టల్ని తోలమని చెప్పేవాళ్ళు కూడా. అతను పువ్వుకేసి చూస్తూ, రాలుతున్న పసుపురేకుల్ని చూసి లోలోపల సంబరపడేవాడు.

రోహిణి కార్తె వచ్చింది. రేకులన్నీ రాలిపోయాయి. పువ్వు నడుమ గింజలు గట్టిపడి తలకాయ బరువెక్కింది. శంకరవ్వ ఇంకో కర్ర పాతింది. బంగళా నుంచి కొబ్బరితాడు తెచ్చి ఎత్తి కట్టింది. మెడ కింద పంగలకర్ర ఆనించింది. ఏం చేసినా తలకాయ రోజురోజుకీ కిందికి ఒంగుతూనే ఉంది. దాంతోపాటు లక్ష్మీరాజం ఇంటి ఎండ కూడా అరుగు దిగింది, వాకిట్లో కుంచించుకుపోయింది. యాదవ్వ తన చివరి గంప ఎత్తుకుపోతూ, "పాయె. ఇంగ ఒచ్చే ఏడే," అని నిట్టూర్చింది.

ఒక సాయంత్రం తాడు పటుక్కున తెగింది. తలకాయ వాలిపోయి, మొహం నిట్టనిలువునా నేలలోకి పెట్టింది. అదే క్షణాన ఎదుటి ఇంటి మీద పొద్దు గుంకింది.

లక్ష్మీరాజం చీకట్లో పెద్దగా నవ్వటం వినబడింది. ఆ తరవాత గురక.

శంకరవ్వ మొక్క మొదట్లో కూలబడింది. తలకాయని రెండు చేతులా పట్టుకుని ఎత్తాలని చూసింది. అది ఎత్తనివ్వలేదు. దున్న తల కిందికి వేసుకున్నట్టు మట్టిలోకే చూస్తోంది. "నా నోట్ల మన్ను కొట్టినవు గదనే," అని దాన్నే తిట్టింది. తిట్టి తిట్టి అక్కడే నిద్రపోయింది.

తెల్లారి బాయి కూత పెట్టింది. మొదటి షిఫ్టు వాళ్ళు బాయిలోకి దిగారు. దిగిన కాసేపటికే బాయి మళ్ళీ కూసింది, ఆగకుండా.

పాత దారిలో ఇటుకగోడ వెలుగుతోంది. ఇటుకకీ ఇటుకకీ మధ్య ఉన్న ప్రతి సందులోంచీ ఎండ కారుతోంది. నిప్పు కాదు, పొగ లేదు. సాయంత్రం పూట పెంకుల మీద పడే ఏటవాలు ఎండ. దిగినవాళ్ళు అందరూ ఆ ఎండని లక్ష్మీరాజం వాకిట్లో చూసినవాళ్ళే. అందుకని వాళ్ళకి అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. బాయిదొర ఆర్డరు కోసం కూడా చూడకుండా పలుగులు తీసుకుని గోడ పగలగొట్టారు.

లోపల పట్టపగలులా ఉంది. రాయమల్లు బొగ్గుగోడకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆ వేడికి ఎండిపోయాడే తప్ప చెదిరిపోలేదు. ఎండ అతని మొహం మీద, ఛాతీ మీద పడుతోంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. దాంట్లోంచి ఎర్రటి పేలిక కొస కనబడుతోంది.

మోసుకువచ్చి శంకరవ్వ వాకిట్లో పడుకోబెట్టారు. అంతయ్య లాంపుల గది వదిలి, ఎవరినీ అడగకుండా రాయమల్లు దీపం పట్టుకుని వచ్చాడు. పిడికి ఉన్న సగం పేలికనీ, పిడికిట్లో ఉన్న సగం పేలికనీ పక్కపక్కన పెట్టాడు. చినిగిన అంచులు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాయి. అంతయ్య నోరు విప్పి రెండు దీపాల సంగతి అందరి ముందూ చెప్పాడు. బాలలక్ష్మి పిల్లని ఎత్తుకుని ముందుకు వచ్చి తను విన్నదీ చెప్పింది. బాయిదొర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పుడు శంకరవ్వ ఏడ్చింది. మొగుడి మీద పడి, గుండెలు బాదుకుని, పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. కీడు కోరుతోందని ఈసారి ఎవరూ అనలేదు. చేతులు రెండూ గడప రాతికి వేసి కొట్టుకుంటే గాజులు ముక్కలై చెల్లాచెదరయ్యాయి. ఎంతసేపు ఏడవాలో అంతసేపూ ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. అంతయ్య ఆ దీపాన్ని వెలిగించి రాయమల్లు తల దగ్గర పెట్టాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని లేచింది. సందు దాటింది. జనం ఆమె వెనక నడిచారు.

నడిమధ్యాహ్నం. రోహిణి ఎండ మాడు పగలగొడుతోంది. లక్ష్మీరాజం వాకిట్లోకి మాత్రం అది రాలేదు. గోడ దగ్గరే ఆగిపోయింది. లోపల కోళ్ళు గూట్లో ముడుచుకున్నాయి. జనం గోడ అవతల ఎండలో నిలబడ్డారు. ఇంట్లో గురక ఆగింది. మంచం కిర్రుమంది. లక్ష్మీరాజం తలుపు తెరిచి, తృప్తిగా ఒళ్ళు విరుచుకున్నాడు.

"ఇంక తెల్లారలేదా?" అన్నాడు.

అతను అరుగు దిగాడు, అడుగులు లెక్కేసుకుంటూ వాకిలి దాటాడు, సందులోకి వచ్చాడు. చీకటి అతని వెంటే సందులోకి వచ్చింది, ఎండలో నిలబడ్డవాళ్ళు కూడా అతని కళ్ళకి ఆనలేదు. కళ్ళు పెద్దవి చేసి అటూ ఇటూ తిప్పాడు. పక్కనే ఊపిరి పీలుస్తున్న మనుషుల చప్పుడు విని తత్తరపడ్డాడు.

"ఎవలది? గింత మందేంది? రాత్రేనా ఇంక?" కళ్ళు నులుముకున్నాడు. "బాలలక్ష్మీ... ఏం కండ్లవడ్తలేదే. జర లాంపు తే."

బాలలక్ష్మి పిల్లని గుండెకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

అతను చేతులు చాపి గాలిని తడిమాడు. గోడ కోసం, తలుపు కోసం, ఏదో ఒకదాని కోసం. ఒక చెయ్యి శంకరవ్వ భుజానికి జానెడు దూరంలో ఊగింది. ఆమె కదల్లేదు. ఆమె చేతిలో రాయమల్లు దీపం వెలుగుతోంది. దాని వేడి కూడా తగిలేంత దగ్గరలో ఉన్నాడు అతను.

"లాంపు ఇయ్యుండ్రి. ఎవలన్న జర లాంపు ఇయ్యుండ్రి, మీ కాల్మొక్త!"

"లాంపులన్ని కొక్కేలకే ఉన్నయి సర్దార్," అంది శంకరవ్వ. "అందరు పైకచ్చిండ్రు."

అని, దీపాన్ని కొంగు చాటున పెట్టుకుని, మొగుడి దగ్గరికి ఎండలో నడిచి వెళ్ళింది.